బ్లాకుల లెక్క లేని డిఫెండర్: బిల్ రసెల్‌ను ఎలా తూచాలి?

బిల్ రసెల్ బోస్టన్ సెల్టిక్స్‌కు 13 సీజన్లు ఆడాడు. అందులో 11 సార్లు ఎన్‌బీఏ టైటిల్ ఆ జట్టుకే దక్కింది. 1956 డిసెంబరులో మొదలై 1969 మేలో ముగిసిన ఆ కాలంలో అతడు 963 లీగ్ మ్యాచ్‌లు ఆడి 21,620 రీబౌండ్లు అందుకున్నాడు. బాస్కెట్‌బాల్‌లో అందరికన్నా గొప్ప డిఫెండర్ ఎవరని అడిగితే ఆ తరం వాళ్లు తడుముకోకుండా చెప్పే పేరు అతడిదే. కానీ అతడు ఎన్ని షాట్లు బ్లాక్ చేశాడో చూద్దామని అధికారిక రికార్డు తెరిస్తే ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఎన్‌బీఏ బ్లాకులనూ స్టీళ్లనూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973-74 సీజన్‌లో. అప్పటికి రసెల్ ఆట మానేసి నాలుగేళ్లు దాటింది. ఏటా ఉత్తమ డిఫెండర్‌కిచ్చే అవార్డు 1982-83లో గాని పుట్టలేదు. పూర్తి నిడివితో మిగిలిన అప్పటి మ్యాచ్ ఫిల్ములు కొద్దే. కొలబద్దలేవీ లేని కాలపు ఆటగాడికి, అదీ లెక్కకు సులభంగా అందని విద్యలో, అగ్రస్థానం ఇవ్వడం న్యాయమేనా అన్న ప్రశ్న అందుకే ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. న్యాయమేనని నా అభిప్రాయం. పైగా లెక్కలు దండిగా ఉన్న చాలామంది కన్నా రసెల్ విషయంలోనే తీర్పు గట్టిగా చెప్పవచ్చు. అయితే అతడి అభిమానులు సాధారణంగా ముందుకు తెచ్చే సాక్ష్యాలు ఆ తీర్పుకు సరిపోవు. వాటిని పక్కనపెట్టి, మరుగున పడిన వేరే సాక్ష్యాలను బయటికి తీయాలి.

డిఫెన్స్‌ను కొలవడం ఎందుకంత కష్టమో ముందు చూద్దాం. బంతి రింగులో పడితే అందరూ చూస్తారు, పట్టికలో రాస్తారు. డిఫెన్స్‌లో సింహభాగం మాత్రం జరగకుండా ఆగిపోయిన పని. రింగు కిందికి దూసుకురావలసిన గార్డు అక్కడ నిలబడ్డవాణ్ని చూసి మనసు మార్చుకుని పదిహేను అడుగుల దూరం నుంచే షాట్ వేస్తే, ఆ మనసు మార్పించినవాడి పేరు ఎక్కడా నమోదు కాదు. క్రికెట్‌లో బ్యాక్‌వర్డ్ పాయింట్‌లో జాంటీ రోడ్స్ ఉన్నాడని బ్యాటర్లు తీయకుండా వదులుకున్న సింగిల్స్ స్కోరుకార్డులో ఉండవు, ఇదీ అలాంటిదే. నమోదయ్యే బ్లాకైనా పూర్తి నిజం చెప్పదు. బంతిని బలంగా కొట్టి కోర్టు బయటికి పంపినా ఒక బ్లాకే, మెల్లగా తట్టి సహచరుడి చేతికి అందించినా ఒక బ్లాకే. మొదటి సందర్భంలో బంతి తిరిగి ప్రత్యర్థికే వెళ్తుంది, రెండో సందర్భంలో మన జట్టు పరుగందుకుంటుంది. ప్రతి షాట్‌కూ ఎగిరే సెంటర్‌కు బ్లాకులు పెరుగుతాయి గాని, ఎగిరిన ప్రతిసారీ అతడి వెనక రీబౌండ్ స్థానం ఖాళీ అవుతుంది. లెక్కరాసే వాళ్లూ మనుషులే. మైకేల్ జోర్డన్ ఉత్తమ డిఫెండర్ అవార్డు గెలిచిన 1987-88 సీజన్‌లో అతడి స్టీళ్లు సొంత కోర్టులో బయటికన్నా దాదాపు రెట్టింపున్నాయని తర్వాత పరిశీలించినవాళ్లు ఎత్తిచూపారు. అవార్డులను నమ్ముకుందామన్నా అదే తంతు. టిమ్ డంకన్ 15 సార్లు లీగ్ డిఫెన్స్ జట్లలో చోటు సంపాదించినా ఉత్తమ డిఫెండర్ అవార్డు ఒక్కసారీ అందుకోలేదు. 2013లో ఆ అవార్డు గెలిచిన మార్క్ గసోల్‌ను అదే ఏడాది కోచ్‌లు డిఫెన్స్ రెండో జట్టులో వేశారు. లెక్కలున్న కాలంలోనే పరిస్థితి ఇది కాబట్టి, రసెల్ గడి ఖాళీగా ఉండడం మనం అనుకున్నంత పెద్ద నష్టం కాదు. అంకెలుంటే కొంత మేలే, కానీ అవి అసలు ప్రశ్నకు జవాబు చెప్పేవి కావు.

ఇక పక్కన పెట్టవలసిన సాక్ష్యాలు. మొదటిది ఆ 11 టైటిళ్లు. టైటిల్ జట్టుది. 1956-57లో లీగ్‌లో ఉన్నవి ఎనిమిది జట్లే, ప్లేఆఫ్‌లో రెండు సిరీస్‌లు గెలిస్తే కిరీటం దక్కేది. ముప్పై జట్ల మధ్య నాలుగు సిరీస్‌లు దాటాల్సిన నేటి ఆటగాడితో టైటిళ్లను సరిపోల్చడం సరికాదు. పైగా టైటిల్‌లో అటాక్, డిఫెన్స్, కోచింగ్, అదృష్టం అన్నీ కలగలిసి ఉంటాయి, అందులోంచి ఒక్క డిఫెన్స్‌ను వేరుచేసి చూపలేం. రెండోది, మ్యాచ్‌కు ఎనిమిదో పదో బ్లాకులు చేసేవాడంటూ వినవచ్చే కథలు. ఎవరో కొన్ని రాత్రులు చేత్తో రాసుకున్న లెక్కల్నీ పాత జ్ఞాపకాల్నీ మొత్తం కెరీర్‌కు సాగదీస్తే నిజం తేలదు. మూడోది రీబౌండ్లు. 1960 ఫిబ్రవరిలో సిరాక్యూస్ మీద ఒక్క మ్యాచ్‌లో 51 రీబౌండ్లు పట్టాడంటే వినడానికి అబ్బురంగా ఉంటుంది. కానీ ఆ రోజుల్లో ఒక్కో జట్టు మ్యాచ్‌కు 100కు పైగా షాట్లు వేసేది, పదింట నాలుగే పడేవి. తప్పిన షాట్లు అన్ని ఉన్నప్పుడు రీబౌండ్లూ అన్నే ఉంటాయి. మ్యాచ్‌కు 22.5 అన్న అతడి సగటును నేటి అంకెల పక్కన అలాగే పెట్టకూడదు. నాలుగోది కాలేజీ రోజుల నియమం. 1955లో శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం జాతీయ టైటిల్ గెలిచాక రింగు ముందరి గీతల పెట్టెను ఆరడుగుల నుంచి పన్నెండు అడుగులకు వెడల్పు చేశారు, అది రసెల్ డిఫెన్స్‌కు భయపడి చేసిన పని అని కొందరు రాస్తారు. ఆ పెట్టెలో మూడు సెకన్లకు మించి నిలవకూడదన్న ఆంక్ష అటాక్ చేసేవాడికే. అతడి డిఫెన్స్‌కు అది రుజువు కాదు.

అసలు సాక్ష్యం సెల్టిక్స్ జట్టు తీరులో ఉంది. రెడ్ ఆవర్‌బాక్ 1950 నుంచి ఆ జట్టుకు కోచ్. బాబ్ కూజీ, బిల్ షార్మన్, ఎడ్ మెకాలీ లాంటి స్కోరర్లు ఉండేవారు. 1955-56 సీజన్‌లో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టిన జట్టు అదే, అందరికన్నా ఎక్కువ ఇచ్చుకున్నదీ అదే. మ్యాచ్‌కు 106 కొట్టి 105 ఇచ్చేవారు. టైటిల్ మొహం చూసింది లేదు. ఆవర్‌బాక్ మెకాలీనీ, క్లిఫ్ హేగన్‌నూ సెయింట్ లూయిస్ హాక్స్‌కు ఇచ్చేసి, బదులుగా డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక హక్కు సంపాదించి రసెల్‌ను తెచ్చుకున్నాడు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి వచ్చిన ఆ కుర్రాడు డిసెంబరులో జట్టులో చేరాడు. ఆ సీజన్‌లోనే బోస్టన్ డిఫెన్స్ లీగ్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. పాత స్కోర్ల నుంచి తర్వాతి కాలపు గణకులు వేసిన అంచనాల ప్రకారం రసెల్ ఆడిన 13 సీజన్లలో 12 సార్లు సెల్టిక్స్ డిఫెన్స్‌దే మొదటి స్థానం. 1963-64లోనైతే ప్రత్యర్థులకు వంద పొసెషన్లకు ఇచ్చిన పాయింట్లు లీగ్ సగటు కన్నా దాదాపు 11 తక్కువ. పొసెషన్ అంటే బంతి ఒక జట్టు చేతికి వచ్చి పోయేదాకా ఒక విడత. ఇంత తేడా ఎన్‌బీఏలో ఆ ముందు గాని ఆ తర్వాత గాని ఏ జట్టూ సాధించలేదు. 1969లో రసెల్ వైదొలిగాడు. మరుసటి ఏడాది సెల్టిక్స్ 34 గెలిచి 48 ఓడారు, ఆవర్‌బాక్ వచ్చిన నాటి నుంచి గెలుపుల కన్నా ఓటములు మించిన సీజన్ అదే మొదటిది. డిఫెన్స్ మధ్యస్థపు వరుసలోకి జారింది. రాకముందు అట్టడుగు, ఉన్నంతకాలం శిఖరం, వెళ్లగానే మధ్యస్థం. ఒక్క ఆటగాడి చుట్టూ ఇంత స్పష్టంగా గీసినట్టున్న రేఖ మరో డిఫెండర్ విషయంలో నాకు కనిపించదు.

ఈ అంచనాలపై ఒక సాంకేతిక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. అటాక్ రీబౌండ్ల లెక్క 1973-74 నుంచి, బంతి పోగొట్టుకున్న లెక్క 1977-78 నుంచి ఉన్నాయి. అవి లేకుండా ఒక మ్యాచ్‌లో ఎన్ని పొసెషన్లు జరిగాయో ఖచ్చితంగా చెప్పలేం. వేగంగా ఆడే బోస్టన్ పొసెషన్లను గణకులు వాస్తవం కన్నా ఎక్కువగా ఊహించి ఉంటే, వారి డిఫెన్స్ ఉన్నదానికన్నా గొప్పగా, అటాక్ ఉన్నదానికన్నా చెడ్డగా కనిపిస్తుంది. నిజమే. అయితే దీన్ని సరిచూసుకునే దారి ఒకటుంది, దానికి ఏ అంచనాలూ అక్కర్లేదు. సెల్టిక్స్ ఎన్ని షాట్లు వేసి ఎన్ని కొట్టారన్నది అప్పుడే నమోదైంది. 1963-64లో వారి షాట్లలో 41 శాతం మాత్రమే పడ్డాయి, లీగ్ సగటు 43 దాటి ఉంది. ఆ ఏడాది వారు 80 మ్యాచ్‌లలో 59 గెలిచారు. సగటు జట్టు కన్నా గురి తక్కువున్న జట్టు నాలుగింట మూడు మ్యాచ్‌లు గెలిచిందంటే ఆ గెలుపు అటాక్ సొగసు వల్ల వచ్చి ఉండదు. ప్రత్యర్థులు వారికన్నా అధ్వానంగా ఆడాలి, లేదా ప్రత్యర్థులకు రెండో అవకాశం దొరక్కుండా రీబౌండ్లు బోస్టన్‌వే అయి ఉండాలి. రెండూ డిఫెన్స్ పనులే. మరో సంగతి కూడా చెప్పాలి. తొమ్మిది జట్ల లీగ్‌లో సగటు తీసినప్పుడు బోస్టన్ సంఖ్యా అందులో కలిసి, ఆ సగటును కిందికి లాగుతుంది. మిగతా ఎనిమిది జట్లతో మాత్రమే పోలిస్తే ఆ 11 పాయింట్ల తేడా 12 దగ్గరికి చేరుతుంది. చిన్న లీగ్ కావడం వల్ల మొదటి స్థానం దక్కడం సులువైందేమో గాని, ఈ తేడాను మాత్రం అది తగ్గించే చూపింది.

అసలైన అభ్యంతరం సహచరుల గురించి. కేసీ జోన్స్ అప్పటి గార్డులలో పేరుమోసిన డిఫెండర్. టామ్ ‘సాచ్’ శాండర్స్ ఎదుటి జట్టు ఫార్వర్డ్‌లకు కొరకరాని కొయ్య. 1962లో వచ్చిన జాన్ హావ్లిచెక్ అలుపెరగని వాడు. ఇంతమంది మొనగాళ్లుంటే ఘనత ఒక్కడి ఖాతాలో ఎలా వేస్తారని అడగవచ్చు. దీనికి జవాబు తేదీల్లో ఉంది. కేసీ 1958లో, శాండర్స్ 1960లో జట్టులోకి వచ్చారు. వారు రాకముందు, 1956-57లోనే డిఫెన్స్ మొదటి స్థానంలో ఉంది. కేసీ 1967లో వెళ్లిపోయాడు. 1968-69లో అతడు లేకుండానే మళ్లీ మొదటి స్థానం. కూజీ 1963లో రిటైరైతే జట్టు కూలిపోతుందనుకున్నారు, ఆ తర్వాతి ఏడాదే ఇందాక చెప్పిన చారిత్రక డిఫెన్స్. ఆవర్‌బాక్ 1966లో కోచ్ బాధ్యత వదిలి రసెల్‌కే అప్పగించాడు, ఎన్‌బీఏలో తొలి నల్లజాతి కోచ్ అతడే. మొదటి టైటిల్ జట్టుకూ చివరి టైటిల్ జట్టుకూ మధ్య ఆడినవాళ్లలో ఉమ్మడిగా మిగిలింది ఒకే ఒక్క పేరు. సహచరులంతా మారి, కోచ్ మారి, ఆట వేగం మారి ఫలితం మాత్రం మారకపోతే, మారకుండా నిలిచినవాడే దానికి కారణమనుకోవడం సహజం. కాలేజీలోనూ ఇదే జరిగింది. 1956 జాతీయ టోర్నమెంట్‌లో ఆడటానికి కేసీకి అర్హత లేకపోయింది. శాన్ ఫ్రాన్సిస్కో అయినా టైటిల్ నిలబెట్టుకుంది, ఆ సీజన్‌ను 29 మ్యాచ్‌లకు 29 గెలిచి ముగించింది.

ఇక్కడ ప్రతికూల సాక్ష్యం ఒకదాన్ని దాచకుండా చెప్పాలి. 1956-57లో రసెల్ వచ్చేనాటికి సెల్టిక్స్ 24 మ్యాచ్‌లలో 16 గెలిచి ఉన్నారు. అతడు వచ్చాక 48 ఆడి 28 గెలిచారు. అంటే అతడు చేరాక గెలుపు శాతం తగ్గింది. రసెల్ రాకతోనే జట్టు రాతే మారిపోయిందన్న కథకు ఇది అడ్డుపడుతుంది, కాబట్టి అభిమానులు దీని జోలికి వెళ్లరు. కానీ మనం తూచేది గెలుపును కాదు, డిఫెన్స్‌ను. అదే సీజన్‌లో కూజీ కొన్ని మ్యాచ్‌లకు దూరమయ్యాడు. కొత్త సెంటర్ చుట్టూ జట్టు తన ఆటను మళ్లీ అల్లుకోవలసి వచ్చింది. 24 మ్యాచ్‌ల ముక్క దేన్నైనా చూపగలదు. పదమూడేళ్ల వరుస అలా కాదు. పోతే, గెలుపోటములతో రసెల్ విలువను లెక్కించడం ఎంత ప్రమాదమో కూడా ఈ అంకె చెబుతుంది. అతడికి అనుకూలంగా ఉన్నప్పుడు అదే కొలతను పట్టుకుని, వ్యతిరేకంగా ఉన్నప్పుడు వదిలేయడం కుదరదు. టైటిళ్లను ముందే పక్కన పెట్టమన్నది ఇందుకే.

ఇంతకీ అతడు చేసిందేమిటి? రసెల్ ఎత్తు ఆరడుగుల పది అంగుళాలు. అప్పటికీ అది అసాధారణమేమీ కాదు. ఎగిరే శక్తి మాత్రం అసాధారణం. 1956లో హైజంప్‌లో రెండు మీటర్ల ఆరు సెంటీమీటర్లు దూకి ఆ ఏడాది ప్రపంచపు మేటి హైజంపర్ల సరసన నిలిచాడు. మంచి డిఫెండర్ నేల వదలకూడదన్నది అప్పటి కోచ్‌ల పాఠం. రసెల్ ఆ పాఠాన్ని పక్కనపెట్టి డిఫెన్స్‌ను గాలిలోకి తీసుకెళ్లాడు. కాలేజీలో అతడూ కేసీ జోన్స్ గంటల తరబడి కూర్చుని షాట్ ఏ కోణంలో వస్తుంది, బంతి ఏ పక్కకు తిరిగి పడుతుంది అని చర్చించుకునేవారని అతడే తన పుస్తకంలో రాసుకున్నాడు. అతడిది ఎడమచేతి వాటం. ఎదురుగా నిలిచినప్పుడు కుడిచేత్తో షాట్ వేసేవాడి బంతికి అతడి ఎడమచేయి నేరుగా అడ్డొచ్చేది. అన్నిటికన్నా ముఖ్యం, బంతిని ప్రేక్షకుల మధ్యకు కొట్టి చప్పట్లు కొట్టించుకునే అలవాటు అతడికి లేదు. వేళ్లతో తట్టి సహచరుడికి చేరేలా చూసేవాడు. ఆ తట్టుడే బోస్టన్ వేగపు అటాక్‌కు తొలి పాస్. బయట గార్డులు ధైర్యంగా ప్రత్యర్థి మీదికి వెళ్లేవారు. తమను దాటి ఎవడైనా లోపలికి దూసుకుపోతే ‘హే బిల్’ అని ఒక్క కేక వేసేవారు. వెనక ఒకడున్నాడన్న భరోసా ఉంటే ముందు నిలిచినవాడు సాహసం చేయగలడు. కేసీ జోన్స్ దూకుడులో కొంత వాటా రసెల్‌దని చెప్పడం కేసీని తగ్గించడం కాదు. ఇద్దరి డిఫెన్స్ ఒకదానికొకటి అల్లుకుని ఉందని మాత్రమే దానర్థం.

1957 ఏప్రిల్ 13న జరిగిన ఫైనల్ ఏడో మ్యాచ్‌ను ఒకసారి దగ్గరగా చూద్దాం. బోస్టన్‌లో సెయింట్ లూయిస్ హాక్స్‌తో ఆట. చివరి నిమిషంలో సెల్టిక్స్ ఒక్క పాయింట్ ముందున్నారు. హాక్స్ ఆటగాడు జాక్ కోల్‌మన్‌కు మధ్యగీత దగ్గర పాస్ అందింది, ముందు ఎవరూ లేరు, తిన్నగా వెళ్లి బంతిని రింగులో వేయడమే మిగిలింది. రసెల్ అప్పుడు అటు చివర, హాక్స్ రింగు వెనక గీత దగ్గర ఉన్నాడు. అంటే సగం కోర్టు వెనకబడి ఉన్నాడు. అక్కడి నుంచి కోర్టు మొత్తం పరుగెత్తుకుంటూ వచ్చి కోల్‌మన్ వదిలిన షాట్‌ను అందుకుని ఆపాడు. సహచరుడు టామ్ హైన్సన్ తన జీవితంలో చూసిన అతి గొప్ప విన్యాసాల్లో ఒకటిగా దాన్ని చెప్పుకునేవాడు. మ్యాచ్ రెండు అదనపు సమయాలు దాటి 125-123తో బోస్టన్ వశమైంది. కూజీ, షార్మన్ ఇద్దరూ కలిసి 40 షాట్లు వేసి ఐదే కొట్టిన రోజది. కొత్తగా వచ్చిన రసెల్ 32 రీబౌండ్లు అందుకున్నాడు. ఒక్క బ్లాకుతో కెరీర్‌ను తూచలేం. కాకపోతే కాళ్లలో వేగం, సమయాన్ని పట్టే తెలివి, ఆశ వదలని పట్టుదల అనే మూడూ ఒకే మనిషిలో ఉన్నాయని అది చూపుతుంది. పొడవాటి సెంటర్లు రింగు కింద పాతుకుపోయి నిలిచే ఆ కాలంలో ఇలా కోర్టు మొత్తాన్నీ కాపలా కాయడం కొత్త.

విల్ట్ చాంబర్లిన్ ప్రస్తావన లేకుండా ఈ చర్చ ముగియదు. రసెల్ అంత గొప్ప డిఫెండరైతే చాంబర్లిన్‌ను ఎందుకు ఆపలేకపోయాడని అడుగుతారు. 1960 నవంబరులో చాంబర్లిన్ ఒక్క మ్యాచ్‌లో 55 రీబౌండ్లు పట్టి నేటికీ చెదరని రికార్డు నెలకొల్పింది రసెల్ ఎదుటే. 1962 జనవరిలో బోస్టన్‌పై 62 పాయింట్లు కొట్టాడు. వీటిని కాదనలేం, కాదనక్కర్లేదు. రసెల్ అతణ్ని ఆపలేదు, తగ్గించాడు. ఇద్దరూ లీగ్‌లో కలిసి ఆడిన పదేళ్లలో చాంబర్లిన్ మొత్తం సగటు 34 పాయింట్లకు పైనే. రసెల్‌తో తలపడ్డ 140కి పైగా మ్యాచ్‌లలో ఆ సగటు 29కి కాస్త అటూఇటూ. చాంబర్లిన్ మ్యాచ్‌కు 50 పాయింట్లు కొట్టిన 1961-62లో కూడా బోస్టన్ మీద సగటు 40 లోపే ఉంది. ఆ కాలంలో బోస్టన్ పద్ధతి ప్రకారం ఈ పని ఎక్కువగా రసెల్ ఒక్కడిదే, ఇద్దరేసి ముగ్గురేసి చుట్టుముట్టడం అరుదు. ఒక్కణ్ని కాస్తోకూస్తో తగ్గించగలిగితే మిగతా నలుగురు తమ మనిషిని వదలక్కర్లేదు. ఆ తలపడిన మ్యాచ్‌లలో పదింట ఆరు బోస్టన్ గెలిచింది. 1967లో ఫిలడెల్ఫియా జట్టు తూర్పు ఫైనల్లో బోస్టన్‌ను 4-1తో ఓడించినప్పుడు చాంబర్లిన్ షాట్లు తగ్గించి పాస్‌లు పెంచాడు. రసెల్ ముందు నేరుగా పాయింట్లు కొట్టడం కన్నా అతడి చుట్టూ తిరిగి ఆడటమే మేలని ప్రత్యర్థి తెలుసుకున్నాక గాని ఆ జట్టు అతణ్ని దాటలేకపోయింది.

కాలం గురించిన అభ్యంతరం మిగిలింది. అందులో న్యాయమున్న భాగం ఉంది, లేని భాగమూ ఉంది. న్యాయమున్నది ఏమిటంటే, రసెల్ వచ్చేనాటికి నల్లజాతి ఆటగాళ్లకు లీగ్ తలుపులు పూర్తిగా తెరుచుకోలేదు. జట్టుకు ఇంతమందే అన్న రాయని కట్టుబాటు నడిచేది. తొలి సీజన్‌లో బోస్టన్ జట్టులో నల్లవాడు అతడొక్కడే. దేశంలోని ప్రతిభ అంతా పోటీలో లేదు. విదేశాల నుంచి వచ్చే ఆటగాళ్లు లేరు. మూడు పాయింట్ల గీత 1979-80 దాకా రాలేదు, కాబట్టి సెంటర్‌ను రింగు నుంచి దూరంగా లాగే ఆయుధం ప్రత్యర్థి దగ్గర లేదు. హకీమ్ ఒలాజువన్ 3,830 బ్లాకులతో పాటు రెండు వేలకు పైగా స్టీళ్లు సాధించింది ఇంతకన్నా విశాలమైన, ప్రతిభ నిండిన లీగ్‌లో. ఆ కోణం నుంచి ఒలాజువన్‌కు అగ్రస్థానం ఇచ్చేవారి వాదనలో బలముంది. న్యాయం లేనిదేమిటంటే, రసెల్ ఎదుర్కొన్నవాళ్లంతా పొట్టివాళ్లూ చేతకానివాళ్లూ అనడం. చాంబర్లిన్, నేట్ థర్మండ్, వాల్ట్ బెల్లమీ, బాబ్ పెటిట్ వంటివారు ఏ కాలంలో ఆడినా మేటి ఆటగాళ్లే. ఎనిమిది, తొమ్మిది జట్ల లీగ్‌లో ఒక్కో జట్టుతో సీజన్‌కు పదేసిసార్లు తలపడాలి. బలహీనతలు కనిపెట్టడానికి ప్రత్యర్థికి అంతకన్నా అవకాశం ఏముంటుంది? ఈనాడు ఆడితే ఏమయ్యేవాడన్నది ఊహ. రెండు మీటర్లు దాటి దూకే, కోర్టు ఈ చివర నుంచి ఆ చివరికి షాట్‌ను తరిమే మనిషి మూడు పాయింట్ల గీత దాకా వచ్చి కాపాడలేడని అనుకోవడానికి నాకు ఆధారం కనిపించదు. అయినా తీర్పు ఆ ఊహ మీద నిలబెట్టను. తనతో ఆడినవారి కన్నా ఎంత ముందున్నాడన్నదే న్యాయమైన కొలత. ఆ కొలతలో ఒలాజువన్ జట్లు గాని, డంకన్ జట్లు గాని, నాలుగేసిసార్లు ఉత్తమ డిఫెండర్లుగా నిలిచిన డికెంబే ముటోంబో, బెన్ వాలెస్, రూడీ గోబేర్‌ల జట్లు గాని దరిదాపులకు రావు.

చివరిగా, సమకాలికుల సాక్ష్యం. జ్ఞాపకాల మీద ఆధారపడ్డ ప్రశంసలను నేను పక్కనే పెడతాను, వయసుతో పాటు పొగడ్తలూ పెరుగుతాయి. అదే సీజన్‌లో, అదే వేడిలో వేసిన ఓట్లు వేరు. ఆ కాలంలో ఎంవీపీని, అంటే అత్యంత విలువైన ఆటగాణ్ని, ఎన్నుకునేది ఆటగాళ్లు, ఏడాది మేటి జట్టును ఎన్నుకునేది పత్రికలవాళ్లు. 1961-62లో చాంబర్లిన్ మ్యాచ్‌కు 50.4 పాయింట్లు కొట్టాడు, మార్చి 2న ఒక్క మ్యాచ్‌లోనే 100 కొట్టాడు. ఆస్కార్ రాబర్ట్‌సన్ పాయింట్లు, రీబౌండ్లు, అసిస్ట్‌లు మూడింటిలోనూ రెండంకెల సగటుతో సీజన్ ముగించాడు. అంకెల్లో ఇంతకన్నా గొప్ప ఏడాది వారికే కాదు, లీగ్‌లో ఎవరికీ లేదు. పత్రికలవాళ్లు సెంటర్ స్థానానికి చాంబర్లిన్‌ను ఎంచి, రసెల్‌ను రెండో జట్టులో వేశారు. ఆటగాళ్లు ఎంవీపీగా రసెల్‌ను ఎన్నుకున్నారు. 1958లోనూ 1961లోనూ రసెల్ ఇలాగే ఎంవీపీ అయి, పత్రికల రెండో జట్టులో ఉన్నాడు. అతడి ఐదు ఎంవీపీలలో మూడు, పత్రికల జాబితాలో రెండో జట్టుకు పరిమితమైన ఏళ్లలో వచ్చాయి. బయట కూర్చుని పట్టిక చూసి రాసేవాళ్లకు కనిపించనిది, రింగు కిందికి వెళ్లబోయి వెనుదిరిగినవాళ్లకు తెలుసు. ఏడాదికి పదిసార్లు ఎదురుపడ్డ ప్రత్యర్థులు, కెరీర్ మొత్తం మీద మ్యాచ్‌కు 15 పాయింట్లు కొట్టి, షాట్లలో 44 శాతమే వేయగలిగిన మనిషిని, 50 కొట్టినవాడి కన్నా విలువైన ఆటగాడన్నారంటే వాళ్లు ఓటేసింది దేనికో వేరే చెప్పనక్కర్లేదు. నమోదు కాని బ్లాకులను, వేయకుండా వదిలేసిన షాట్లను లెక్కగట్టిన పట్టిక ఏదైనా ఉందంటే ఆ ఓట్ల పట్టికే.

ఇవన్నీ కలిపి చూసినా రసెల్ పరిపూర్ణుడని తేలదు. ఫ్రీత్రోలలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే వేయగలిగాడు, అటాక్‌లో అతడి చేయి సామాన్యం. అత్యుత్తమ ఆటగాడు ఎవరన్న పెద్ద ప్రశ్నలో ఆ లోపాలు లెక్కకొస్తాయి. డిఫెన్స్ ప్రశ్నలో రావు. అక్కడ జట్టు పదమూడేళ్ల చరిత్ర, సహచరులు మారినా మారని ఫలితం, ప్రత్యర్థుల ఓటు మూడూ ఒకేవైపు చూపుతున్నాయి. ఒలాజువన్‌తో మొదలుపెట్టి ఎవరిని పక్కన నిలబెట్టినా ఈ మూడూ కలిసొచ్చినవారు లేరు. మొదటి స్థానం రసెల్‌దే. ఎన్‌బీఏ మొట్టమొదటిసారి డిఫెన్స్ కోసమే ప్రత్యేకంగా ఒక జట్టును ఎంపిక చేసింది 1968-69లో. రసెల్‌కు అప్పుడు 35 ఏళ్లు, అది అతడి ఆఖరి సీజన్, పైగా జట్టుకు కోచ్ కూడా తనే. ఆ తొలి ఎంపికలోనే మొదటి జట్టులో అతడి పేరుంది.